డిష్‌వాషర్‌లో ఇంజిను

మా అక్క మనవరాలు నయోమి పోయిన నెలలో ఫోన్ చేసి, "చిన్నమ్మమ్మా, తాతయ్య కార్‌లో ఇంజిన్ తీసేసి ఎలక్ట్రిక్ మోటర్ పెడదాం అనుకుంటున్నా. అమ్మమ్మకి నువ్వు చెప్తావా? నాకు భయం" అంది. దాని తెలుగు అమెరికా యాసలో మెత్తగా ఉంటుంది, ఏం మాట్లాడినా ముద్దొస్తుంది. ఆ రోజు మాత్రం ముద్దు రాలేదు. ఒళ్లు మండింది. మీ తాత ఆ ఇంజిను బిగించడానికి ఏం పడ్డాడో నీకేం తెలుసే అని అనబోయి, ఇంజనీరింగ్ చదువుకుంటున్న పిల్ల, దానికి అదొక సరదా, దాన్నని ఏం లాభమని ఊరుకున్నాను. ఫోన్ పెట్టేశాక అట్లాంటాకి టికెట్ బుక్ చేసుకున్నాను. అక్కకి చెప్పి ఒప్పించడానికి కాదు, ఆ పని జరగకుండా అడ్డం పడటానికి.

అట్లాంటా పక్కన కమ్మింగ్‌లో నయోమి వాళ్లమ్మ, మా అక్క కూతురు గ్రేస్ ఇల్లు పెద్దది, అక్క ఉండేది ఇప్పుడక్కడే. గరాజ్‌లో మూడు కార్లు పడతాయి. రెండు కరెంటువి, వాటికి చప్పుడే ఉండదు, ఎప్పుడొచ్చాయో ఎప్పుడెళ్లాయో తెలియదు. మూడోది మా దేవదానం బావ కారు. బావ పోయి ఏడాది దాటింది. అక్క వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, మొహం కడుక్కొస్తానని చెప్పి నేను తిన్నగా గరాజ్‌లోకి వెళ్లాను. కారు మీద కప్పిన దుప్పటి తీశాను. ముదురు ఆకుపచ్చ రంగు, పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, వెనక సీట్లో కూర్చోవాలంటే నడుం వంచి దూరాలి. అరవైల చివర్లో, పెట్రోలు మంచినీళ్లలా దొరికే రోజుల్లో, కుర్రకారు రోడ్ల మీద పందేలు వేసుకోవడానికి చేసిన కారు అది. బానెట్ ఎత్తగానే పాత నూనె, రబ్బరు, కొంచెం పెట్రోలు కలిసిన వాసన వచ్చింది. అందులో నాకు మాత్రం పోపు వాసన కూడా తగులుతుంది. ఎందుకో చెప్పాలంటే న్యూజెర్సీ ఇంటి సంగతి చెప్పాలి.

మా అక్క పేరు కరుణ. కోస్తాలో మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగ్ అయి, ఇక్కడ నర్సులు కావాలంటే వచ్చింది. మా చర్చి సంఘంలో చాలా ఇళ్లలో అదే వరస. ముందు భార్య వచ్చింది, ఆమె పిలిస్తే తర్వాత భర్త వచ్చాడు. బావ మన దగ్గర బస్సు డిపోలో ఇంజనీరు. చుట్టుపక్కల ఊళ్లలో ఏ బస్సు ఆగిపోయినా "దేవదానం గారిని పిలవండి" అనేవాళ్లు. ఇక్కడికొచ్చాక సీసామూతలు చేసే ఫ్యాక్టరీలో, మూతలు వరసగా కదిలిపోయే బెల్టు ముందు నిలబడి, వంకరగా ఉన్నవి ఏరే పని దొరికింది. ఆ పని గురించి ఆయన ఇంట్లో ఒక్కమాట చెడ్డగా అనలేదు. కానీ ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి "మీరేం చేస్తారండీ" అని అడిగితే మాత్రం, "మా ఆవిడ నర్సండీ, గుండె జబ్బుల వార్డులో" అని చెప్పేవాడు. అడిగింది ఒకటి, చెప్పింది ఒకటి అని వాళ్లు తికమక పడేవాళ్లు. నేను కాలేజీలో చేరి వాళ్లింట్లో ఉంటున్న కాలం అది. మరదల్ని కనక ఆయనని ఏమైనా అనే హక్కు నాకుండేది, ఆ ఒక్క విషయం మాత్రం నేనూ ఎత్తేదాన్ని కాదు.

ఇల్లు ఐసెలిన్‌కి దగ్గర. ఓక్ ట్రీ రోడ్డు మీద అప్పటికి మనవాళ్ల కొట్లు అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి. కందిపప్పు తెచ్చుకోవడానికి వెళ్తే తెలిసిన మొహమే ఎదురయ్యేది. అక్క డ్యూటీ నుంచి రాగానే తెల్లబూట్లు గుమ్మం దగ్గర విప్పి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, కళ్లు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకుని, అప్పుడు పొయ్యి వెలిగించేది. ఆవాలు చిటపటమనేసరికి గరాజ్‌లోంచి బావ గొంతు వినిపించేది, "ఏం మరదలా, ఇవాళ కాలేజీలో ఏం పొడిచావు?" అని. "నువ్వు ఫ్యాక్టరీలో పొడిచినంతే" అనేదాన్ని. ఆ వంటింటికీ గరాజ్‌కీ మధ్య ఒక్కటే తలుపు, అదెప్పుడూ తెరిచే ఉండేది. ఇంగువ అటు వెళ్లేది, పెట్రోలు ఇటు వచ్చేది.

కారు బావ కొన్న కాలం ఎలాంటిదంటే, పెట్రోలు కోసం బంకుల దగ్గర జనం బారులు తీరి నిలబడుతున్నారట. పెద్ద ఇంజిన్ల కార్లని ఎలా వదిలించుకుందామా అని అందరూ చూస్తుంటే మా బావ వెళ్లి తెచ్చుకున్నాడు. "లోకమంతా వద్దనేది నీకు ముద్దు" అని అక్క గొణిగింది కానీ, దాని తలుపు మూసినప్పుడు వచ్చే బరువైన చప్పుడు ఆమెకీ ఇష్టమే. చిక్కల్లా చలికాలంతోనే. మంచు పడిన పొద్దున తాళం తిప్పితే ఆ పాత ఇంజిను దగ్గేది, మూలిగేది, వీధి మొత్తాన్ని లేపేది, తను మాత్రం లేచేది కాదు. అక్క తెల్లబూట్లతో మంచులో నిలబడి పక్కింటివాళ్లని బతిమాలుకుని వార్డుకి వెళ్లేది. చివరికి ఒక చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి ఇంజిను ఇనుమే పగిలింది. అక్క ఏడుస్తుందనుకున్నాను. "పీడా వదిలింది" అంది.

బావకి ఫ్యాక్టరీలో ఒక్కడే స్నేహితుడు, ఫ్రాంక్. మిషన్లు బాగుచేసేవాడు, ఇటాలియన్ల కుటుంబం, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. మా అక్క కోడికూర కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ రెండోసారి వడ్డించుకునేవాడు. పాత ఇంజినే ఇంకోటి వెతికి వేద్దామన్నాడు అతను. బావ వద్దన్నాడు. జంక్‌యార్డ్‌లో వెనకనుంచి ఎవరో గుద్దితే నలిగిన కొత్త కారొకటి చూసొచ్చాడు. దాని ఇంజినుకి పెట్రోలునీ గాలినీ కలిపే పాతకాలం కార్బురేటర్ లేదు. పెట్రోలు ఎప్పుడు ఎంత చిమ్మాలో చిన్న కంప్యూటరు లెక్క చూసుకుంటుంది, ఎంత చలైనా తాళం తిప్పగానే లేస్తుంది. "దేవ్, దాని జోలికి పోకు. ఆ డబ్బా కంపెనీ వాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాదు, పాత కారు దాన్ని ఒప్పుకోదు" అన్నాడు ఫ్రాంక్. "మా డిపోలో విడిభాగాలు దొరక్క ఏ బస్సుకి ఏ బస్సు ముక్క అతికించామో నీకేం తెలుసు. ఒప్పుకోకపోతే ఒప్పిస్తాం" అన్నాడు బావ. మా బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

అంతవరకూ అది సరదా. తర్వాత ఫ్యాక్టరీ అమెరికాలోనే దక్షిణాదికి తరలిపోతోందని చెప్పారు. వెంట వచ్చేవాళ్లకి అక్కడా అదే పని ఇస్తారు, రానివాళ్లకి లేదు. ఫ్రాంక్ రానన్నాడు. సొంతంగా షాపు పెట్టి, పాత కార్లలో కొత్త ఇంజిన్లు వేసే పని చేద్దామని అతని ఆలోచన. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని బావతో అన్నాడు, "ఇది నడిచిందంటే నువ్వు నా పార్ట్‌నర్‌వి, బోర్డు మీద నీ పేరు కూడా రాయిస్తా. నడవకపోతే ఏమీ అనుకోకు, నేను నాకు తెలిసిన పాత పద్ధతిలో ఒక్కణ్నే చేసుకుంటా." అంటే ఇంజిను నడవకపోతే బావ మళ్లీ ఆ బెల్టు ముందే నిలబడాలి, తెలియని ఊళ్లో. అక్క ఎంతో కష్టపడి చేరిన గుండె వార్డు వదలాలి. నా కాలేజీ సరేసరి. ఆ మాట తర్వాత ఇంట్లో ఎవరం దాన్ని సరదా అనలేదు.

ఇక మొదలైంది. నలిగిన కారు ఇంజిను కొని గరాజ్‌లోకి తెచ్చారు. మనవాళ్ల ఇళ్లలో డిష్‌వాషర్ సంగతి తెలిసిందే. అక్క అందులో ఒక్క గిన్నె కడిగి ఎరగదు. చేత్తో తోమితేనే తోమినట్టు. కడిగిన పళ్లేలు ఆరబెట్టుకోవడానికి, పండగ గిన్నెలు దాచుకోవడానికి ఆ మిషను. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అది గుర్రుమని తిరుగుతోంది. ఆ ఇంట్లో అది తిరగడం అదే మొదటిసారి. అక్క వచ్చి తలుపు తీసి చూస్తే లోపల ఇంజిను మూతలు, గొట్టాలు, పిస్టన్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, తళతళలాడుతూ. "ఏవండీ, నా గిన్నెలేవి?" అంది అక్క. "మంచం కింద పెట్టాను, జాగ్రత్తగానే ఉన్నాయి" అన్నాడు బావ గరాజ్‌లోంచి. తిడుతుందనుకుని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. అక్క ఒక పిస్టన్ తీసి, వెలుగుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ సందులో ఇంకా మసి ఉంది" అని పాత పళ్లబ్రష్ తెచ్చి కూర్చుంది. ఆపరేషన్ కత్తెరలు కడిగిన చేతులవి. ఆ రోజు నుంచి ఇంజిను కడగడం ఆమె పని, మేమెవ్వరం ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

ఆ రోజుల్లో బావని చూస్తే నాకు ముచ్చటేసేది. ఫ్యాక్టరీ నుంచి వంగిపోయి వచ్చిన మనిషి గరాజ్‌లో అడుగుపెట్టేసరికి నిటారుగా నిలబడేవాడు. పాత కారులో కొత్త ఇంజిను కూర్చునే దిమ్మలు సరిపోకపోతే, క్రిస్మస్ కేకులొచ్చిన అట్టపెట్టెలు కోసి నమూనాలు చేసేవాడు. అవి పెట్టి చూసి, మళ్లీ కోసి, మళ్లీ పెట్టి, సరిపోయాక ఫ్రాంక్ వాటి ప్రకారం ఇనుప రేకు కోసి వెల్డింగ్ చేసేవాడు. కింద నూనె తొట్టి అడ్డుపట్టీకి తగిలింది, తొట్టి మార్చారు. వైర్ల పని మాత్రం ఒక్క బావదే. నలిగిన కారులోంచి వైర్ల చిక్కు మొత్తం ఊడదీసుకొచ్చి హాల్లో కార్పెట్ మీద పరిచాడు. టీవీ దగ్గరికి వెళ్లాలంటే గంతులు వేయాలి. అక్క వార్డులో గాయాలకి వేసే తెల్ల టేపు ముక్కలు వాటికి చుట్టి, పేర్లు తెలుగులో రాశాడు. "పెట్రోలు పంపు," "వేడి చూసేది," "గాలి చూసేది" అని. ఫ్రాంక్ అవి చూసి, "నువ్వు లేకపోతే ఈ కారుని దేవుడు కూడా బాగుచేయలేడు" అన్నాడు. "దేవుడికి తెలుగు వచ్చు" అంది అక్క.

మా ఆరాధన ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో, వాళ్లది అయిపోయాక. సాక్ష్యాల సమయం అని ఉంటుంది, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకోవడం. వెంట వస్తామని సంతకం చేయడానికి ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన సోమవారం గడువుకి ఎనిమిది రోజుల ముందు, ఆదివారం, అక్క లేచి నిలబడింది. "దేవుడు మా ఆయన చేతిపనిని దీవించాడు. వచ్చే శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక. అందరూ వచ్చి, కారు స్టార్ట్ చేశాక ప్రార్థన చేసి, భోజనం చేసి వెళ్లాలి" అని చెప్పి కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంజిను ఇంకా గరాజ్‌లో స్టాండు మీదే ఉంది.

ఇంటికొచ్చాక అడిగాడు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నీ వరస అలా ఉంది కరుణా. అది లేవకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ముందు చెప్పేదే విశ్వాసమండీ. అయ్యాక చెప్పేది సమాచారం" అంది అక్క బియ్యం కడుగుతూ.

"పోనీ నాతో ఒక్కమాట అనాల్సింది."

"అంటే మీరు వద్దనేవారు."

బావ నావైపు చూశాడు, మరదలా నువ్వన్నా చెప్పు అన్నట్టు. నేను అక్కకి ఎదురు చెప్పేటంత అమాయకురాలిని కాదు, గదిలోకి వెళ్లిపోయాను. కానీ ఒకటి చెప్పాలి. ఆ మర్నాటి నుంచి ఆయన చేతుల్లో పని వేగం పెరిగింది. తన మీద తనకి లేని నమ్మకం ఇంకొకరు నలుగురిలో పెట్టి వచ్చేసరికి, దాన్ని నిలబెట్టడం తప్ప ఆయనకి దారి లేకపోయింది. ఆ వారం మధ్యలో ఫ్రాంక్ సాయంతో ఇంజిను కారులోకి దిగింది. గురువారానికి వైర్లన్నీ కలిశాయి. శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి రాగానే స్టార్ట్ చేసి చూసుకుందామనుకున్నాడు, మర్నాడు జనం ముందు పరువు పోకుండా.

ఇక్కడ మావాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. మా వైపు క్రిస్మస్ వస్తోందంటే ముందు ఇంటికి సున్నం పడాలి. అప్పుచేసైనా గోడ తెల్లబడాలి. దేవుడి ముందుకీ చుట్టాల ముందుకీ ఏదైనా కొత్త పూత లేకుండా రాకూడదు. శుక్రవారం అక్కకి సెలవు. బానెట్ ఎత్తి చూసింది. మచ్చలు మచ్చలుగా ఇనుము, దాని వెనకున్న రేకు మీద పాత మరకలు. మర్నాడు పాస్టరు గారు వచ్చి చెయ్యి పెట్టి ప్రార్థించేది దీని మీదనా అనుకుంది. వెళ్లి ఇంజిన్లకి వేసే నీలం రంగు, వెనక రేకుకి తెల్లరంగు తెచ్చింది. అడ్డొచ్చిన ప్రతి వైరూ తీసి, దాని కింద కూడా వేసి, ఆరాక మళ్లీ పూసి, ఏది ఎక్కడ తీసిందో అక్కడే బిగించింది. మరలకి కూడా రంగు. పై పై పూత ఆమె వంశంలోనే లేదు. సాయంత్రం బావ వచ్చి చూసి నిలబడిపోయాడు. నీలంగా, తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. "షోరూంలో పెట్టొచ్చు కరుణా" అని కళ్లు తుడుచుకున్నాడు. రెండో పూత తడి ఆరేదాకా ముట్టుకోవద్దంది అక్క. సరే, రేపు పొద్దున చూసుకుందామన్నాడు. పొద్దున లేస్తే కుర్చీలు, కోళ్లు, బియ్యం, ముందుగా వచ్చేసిన అమ్మగార్లు. ఎక్కడ కుదురుతుంది.

శనివారం మధ్యాహ్నం గరాజ్ ముందంతా జనం. చలిలో పట్టుచీరల మీద కోట్లు వేసుకున్న ఆంటీలు, పలావు గిన్నెలు, కేకు. పాస్టరు గారు లోకంలో ఉన్న వాహనాలన్నిటి కోసం ప్రార్థించారు. గ్రేస్ అప్పుడు చిన్నది. "డాడీ, ఇది కారుకి బాప్తిస్మమా?" అని అడిగి నవ్వించింది. ఫ్రాంక్ శుభ్రమైన చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బావ కూర్చుని తాళం తిప్పాడు. ఇంజిను గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. అంటుకోలేదు. మళ్లీ తిప్పాడు. అంతే.

ఆమాటా ఈమాటా సద్దుమణిగాయి. బావ దిగి పెట్రోలు చూశాడు, పంపు చూశాడు, ఫ్యూజులు చూశాడు. ఫ్రాంక్ లోపలికి వంగి చూసి, "కంప్యూటర్ దీపం వెలగడం లేదు దేవ్. ఆ డబ్బా చచ్చింది" అన్నాడు. మెల్లగా, "నేను ముందే చెప్పాను" అన్నాడు. దెప్పడానికి అనలేదు, అతనికీ బాధగానే ఉంది. ఎవరో ఒక అంకుల్, "దేవుని సమయం వేరు, మన సమయం వేరు" అన్నారు. ఆ మాట నాకు ఎంత మండిందో చెప్పలేను. బావ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ పాస్టరు గారితో, "భోజనాలు కానివ్వండి సార్, చల్లారిపోతున్నాయి" అన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. "మా ఆవిడ నర్సండీ" అనేటప్పటి గొంతు అది. సోమవారం ఆయన సంతకం పెట్టేస్తాడని నాకు అప్పుడే తెలిసిపోయింది, ఏడుపొచ్చింది.

అక్క కదల్లేదు. పట్టుచీర కొంగు నడుముకి దోపి ఇంజిను వైపే చూస్తోంది, వార్డులో మాట్లాడలేని పేషెంటుని చూసినట్టు.

"ఏవండీ, ఆ డబ్బాకి కరెంటు ఎటునుంచి వస్తుంది?"

"బ్యాటరీ నుంచి" అన్నాడు బావ, అటు తిరక్కుండానే.

"వచ్చిందెటు పోతుంది?"

"రెండు ఎర్త్ వైర్లు ఉన్నాయిగా, వెనకాల. వాటిలోంచి ఇంజిను ఇనుములోకి."

"ఇనుములోకా?"

"ఇనుములోకే."

అక్క నీలం రంగు మీద వేలు పెట్టి చూసింది. "మరి ఆ ఇనుము మీద నేను రెండు పూతలు వేశానండీ" అంది.

బావ తిరిగి చూశాడు. ఆ చూపు నేనెప్పటికీ మర్చిపోను. కోపం లేదు, నవ్వు లేదు, నిద్రలోంచి లేచినట్టుంది. అక్క అందరి ముందూ, ఏ సిగ్గూ లేకుండా చెప్పుకుపోతోంది. "మొన్న పాస్టరు గారు గుండెనొప్పని వస్తే ఏమైంది? మీరే సాక్ష్యంలో చెప్పారుగా సార్. ఒంటినిండా నొప్పి బామ్ పూసుకుని వచ్చారు. ఈసీజీ మిషను తీగలు పెడితే గీతలు రాలేదు. డాక్టరు కంగారు పడ్డాడు. నేను స్పిరిట్‌తో చర్మం తుడిచి పెడితే శుభ్రంగా వచ్చాయి. గుండె బాగానే ఉంది, మధ్యలో బామ్ అడ్డం. ఇదీ అంతే." పాస్టరు గారు "నిజమేనమ్మా" అని ఛాతీ తడుముకున్నారు.

వంటింట్లోంచి గిన్నెలు తోమే స్టీలు పీచు తెమ్మంది నన్ను. బావ స్పానర్‌తో వైర్లు విప్పాడు. గీకడానికి ఫ్రాంక్ చెయ్యి చాస్తే ఇవ్వలేదు. "నా చేత్తో వేశాను, నేనే తీస్తా" అని ఇంజిను మీదికి వంగి, ఆ రెండు చోట్లా, మరల మీదా నీలం రంగు పోయి తెల్లగా ఇనుము మెరిసేదాకా తోమింది. పట్టుచీరకి నూనె అంటింది, చూసుకోలేదు. బావ మళ్లీ బిగించి, కూర్చుని, తాళం తిప్పాడు. లోపల చిన్న దీపం వెలిగింది. మరుక్షణం ఇంజిను అందుకుంది. పాత ఇంజినులా గర్జించలేదు. కడుపునిండా తిని పడుకున్న మనిషి గురకలా, లోతుగా, ఒకే వరసన నడిచింది. ఫ్రాంక్ టోపీ తల మీద పెట్టుకుని, మళ్లీ తీసి, బావని కౌగిలించుకున్నాడు. పాస్టరు గారు మళ్లీ ప్రార్థన మొదలుపెట్టారు. ఈసారి ఆ సందడిలో ఆయన మాటలు ఎవరికీ వినబడలేదు, అయినా అందరం ఆమేన్ అన్నాం. బావ కారు రేకు మీద చెయ్యి ఆనించి, తల వంచుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. అక్క ఒక్కతే ఏడవలేదు, పలావు చల్లారిపోతోందని అందర్నీ లోపలికి తరిమింది.

సోమవారం బావ సంతకం పెట్టలేదు. ఫ్రాంక్ బోర్డు మీద రెండు పేర్లు రాయించాడు. ఆ తర్వాత ఎవరైనా ఏం చేస్తారని అడిగితే బావ, "ఇంజిన్లు మారుస్తానండీ" అని చెప్పేవాడు, దాని వెనకే "మా ఆవిడ నర్సు" అని కూడా చేర్చేవాడు. మంచు పడ్డ పొద్దున్న అక్క తెల్లబూట్లతో వెళ్లి తాళం తిప్పేది, కారు లేచేది, వీధిలో ఎవరూ లేచేవాళ్లు కాదు. అప్పటి రోజులే బంగారమని నేననను. ఆ చలి, ఆ ఒంటరితనం, ఊరికి ఫోన్ చేయాలంటే పడే యాతన మళ్లీ వద్దు. ఇప్పుడు ఓక్ ట్రీ రోడ్డు మీద పార్కింగ్ దొరకదు, కావలసినవన్నీ దొరుకుతాయి, పిల్లలకి ఎవరినీ బతిమాలుకునే పని లేదు. కానీ అవ్వని పనికి నలుగురిలో ముందే కృతజ్ఞత చెప్పి కూర్చునే గుండెధైర్యం నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు, నాలో అసలే లేదు.

"మొహం ఇక్కడ కడుగుతున్నావా?" అని అక్క గొంతు వినిపించి ఉలిక్కిపడ్డాను. గరాజ్ గుమ్మంలో నిలబడి ఉంది. వయసు మీదపడి నడుం వంగింది, చూపు మాత్రం అదే. నేను ఇంజిను వెనకవైపు చూపించాను. నీలం రంగు ఇప్పటికీ మెరుస్తోంది. ఆ రెండు చోట్లా మాత్రం ఇనుము తెల్లగా, నున్నగా, సన్నటి గ్రీజు పూతతో ఉంది. "ఇన్నేళ్లలో ఎన్నిసార్లు రంగు వేశారో. ప్రతి క్రిస్మస్‌కీ వేసేవారు. ఆ రెండు చోట్లా వేయనిచ్చేవారు కాదు" అంది అక్క. "అది కరుణ గీకిన చోటు అనేవారు. పోయిన ఏడు ఆయన లేరని నేనే తుడిచి గ్రీజు పెట్టాను."

ఇంక ఆగలేకపోయాను. నయోమి ఫోన్ సంగతంతా చెప్పేశాను. "ఇంజిను తీసేస్తుందట అక్కా. నువ్వు ఒప్పుకోకు. బావ చేతిపని అది" అని గట్టిగానే అన్నాను. అక్క కారు దగ్గరికి వచ్చింది. ఇంజిను మూత మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. తర్వాత, "మీ బావ మొదటి ఇంజిను తీసి పారేసినప్పుడు, ఈ కారు కొత్తగా కొనుక్కున్న కుర్రాడెవరో చూసి ఉంటే వాడికీ నీలాగే మండి ఉండేది. అయినా ఈ కారు ఆగిపోయిందా?" అంది. "దాన్ని పిలు."

నయోమి లాప్‌టాప్ గుండెకి అదుముకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. నావైపు ఒకసారి, అక్కవైపు ఒకసారి చూసింది. "వద్దు అంటే వద్దు అమ్మమ్మా. ఇట్స్ ఓకే" అంది.

"దిమ్మలు ఎలా సరిపెడతావు? అట్టముక్కలు కోశావా?" అని అడిగింది అక్క.

"అట్టలు కాదు, త్రీడీ ప్రింట్ చేశా. ఫిట్ అవుతున్నాయి."

"నడుస్తుందా?"

"నడుస్తది అనుకుంటున్నా."

"అనుకోవడం కాదు. ఆదివారం చర్చిలో చెప్పేస్తాను, పండక్కి కృతజ్ఞతా కూడిక అని" అంది అక్క. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహం నాకు బాగా తెలిసిన మొహం. అడ్డం పడదామని విమానమెక్కి వచ్చిన నేను నోరు మూసుకున్నాను.

తీసేముందు ఒకసారి స్టార్ట్ చేయమంది అక్క. నయోమి తాళం తిప్పింది. మొదటి తిప్పుకే అందుకుంది. అక్క బావ నిలబడిన చోట నిలబడి, కారు రేకు మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని విన్నది. ఆ రోజు ఏడవని మనిషి ఈ రోజు ఏడ్చింది. చాలనిపించాక చెయ్యెత్తింది, నయోమి ఆపేసింది. "ఇంజిను మాత్రం ఇంట్లోనే ఉండాలి, బయట పారేస్తే ఊరుకోను" అని కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి, సింకు దగ్గర్నుంచి స్టీలు పీచు తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది.

"దీనికీ ఎర్త్ వైర్లు ఉంటాయిగా? బిగించే ముందు అక్కడ రంగు గీకు."